సౌదీ నుంచి మృతదేహం ఇంటికి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎంబసీకి చెబితే చాలు, బాడీ వచ్చేస్తుంది.

రియాద్ ఎంబసీ, జెడ్డా కాన్సులేట్ మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, ఎన్‌ఓసీ ఇస్తాయి. ఆస్పత్రి రిపోర్టు, ఫైనల్ ఎగ్జిట్ (దేశం విడిచే అనుమతి), ఎంబామింగ్ (బాడీ పాడవకుండా చేయడం), విమానం బుకింగ్ మాత్రం కఫీల్ (అక్కడి యజమాని) లేదా కంపెనీ మనిషి ఆఫీసుల చుట్టూ తిరిగి చేయించాలి. ప్రమాదం, ఆత్మహత్య, అనుమానాస్పద మరణమైతే పోలీసు విచారణ తేలేదాకా మార్చురీ నుంచి వదలరు.

అపోహ: ఆలస్యమంతా అక్కడే.

ఎన్నో కేసులు ఇక్కడి పవర్ ఆఫ్ అటార్నీ దగ్గరే ఆగుతాయి. అంటే అక్కడ ఈ పనులు చూడడానికి ఒక మనిషికి కుటుంబం రాసిచ్చే అధికార పత్రం. పోయినవారి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. మనవాళ్లలో చాలామందికి ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఆధార్ చూసి టైపు చేయిస్తే కాగితం తిరిగొస్తుంది. పాస్‌పోర్టు, ఇకామా (సౌదీ నివాస కార్డు) నంబర్లు, అక్కడ పని చూసే మనిషి ఇకామా వివరాలు, ఇక్కడ బాడీ తీసుకునేవారి పేరు రాయించి నోటరీ చేయించండి. పెళ్లయినవారైతే భార్య సంతకం, కాకపోతే తల్లిదండ్రులది. భార్య ఒకరిని, తండ్రి ఇంకొకరిని పెడితే పని మొత్తం ఆగిపోతుంది. దుఃఖంలో ఉన్నవాళ్లను ఇంత తిప్పడం అన్యాయమే. అయినా ముందు ఇంట్లో కూర్చుని ఒక్క పేరు తేల్చుకోండి.

అపోహ: బాడీ తెచ్చుకుంటే రావాల్సిన డబ్బు పోతుంది.

పోదు. జీతం బకాయిలు, సర్వీసు డబ్బులు, పరిహారం తర్వాత ఎంబసీ ద్వారా అడగొచ్చు. బాడీకొకటి, డబ్బుకొకటి వేర్వేరు పవర్ ఆఫ్ అటార్నీలు రాయించండి. "బాకీ ఏమీ లేదు" అన్న కాగితం మీద ఎవరెంత తొందరపెట్టినా సంతకం చేయొద్దు.

అపోహ: ఖర్చు కుటుంబానిదే.

సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం యజమానిదే, అక్కడి సామాజిక బీమా సంస్థ భరిస్తే తప్ప. యజమాని చేతులెత్తేస్తే కుటుంబ స్థోమత చూసి ఎంబసీ ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి పెట్టగలదు. అందుకే ఏజెంటు అడిగాడని అప్పు చేయొద్దు.

అపోహ: శంషాబాద్‌లో ప్రయాణికుల గేటు దగ్గర ఇస్తారు.

కార్గో టెర్మినల్‌లో ఇస్తారు. ఎయిర్‌వే బిల్లు (విమాన సంస్థ ఇచ్చే కార్గో రసీదు) కాపీ, తీసుకునేవారి ఆధార్ ఉండాలి. కాగితాలు ముందే కేంద్ర ఆరోగ్య శాఖ ఈ-కేర్ పోర్టల్‌లో ఎక్కించాలి, లేకపోతే ఎయిర్‌పోర్టు హెల్త్ ఆఫీసర్ క్లియరెన్సు దగ్గర ఆలస్యమవుతుంది. ఊరికి ఉచిత అంబులెన్సు కోసం బిల్లు నంబరు రాగానే తెలంగాణవారు ప్రభుత్వ ఎన్నారై విభాగానికి, ఆంధ్రావారు ఏపీఎన్ఆర్‌టీఎస్‌కు (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న సంస్థ) చెప్పాలి.

పెట్టెతోపాటు వచ్చే కాగితాల కవరు అంత్యక్రియల హడావుడిలో పోతుంటుంది. తెలంగాణలో గల్ఫ్ మృతుల కుటుంబాలకిచ్చే 5 లక్షల ఎక్స్‌గ్రేషియాకు కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు రద్దయిన పాస్‌పోర్టు, ఎంబసీ డెత్ సర్టిఫికెట్ కావాలి. అంబులెన్సు ఎక్కే ముందే వాటిని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.