ఆంగ్లికన్ చర్చిలోకి ధూపం, దీపం మళ్లీ ఎలా వచ్చాయి

లండన్‌లో కొన్ని ఆంగ్లికన్ చర్చిల్లోకి ఆదివారం ఉదయం వెళ్తే రోమన్ కాథలిక్ గుడికి వచ్చామేమో అనిపిస్తుంది. ధూపం, పీఠం మీద కొవ్వొత్తులు, గురువు ఒంటిమీద కుట్టుపని చేసిన పూజావస్త్రాలు అన్నీ ఉంటాయి. ఇలా ఆరాధించే ఆంగ్లికన్లను ఆంగ్లో-కాథలిక్కులు అంటారు. రోముతో తెగతెంపులు చేసుకున్న ఇంగ్లండ్ సంఘానికి ఇవన్నీ ఎందుకన్న వాదన ఆ సంఘం లోపలే ఇప్పటికీ నడుస్తోంది.

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1534లో పోపును కాదన్నాక కూడా ఆరాధన పెద్దగా మారలేదు. ఆయన కొడుకు ఎడ్వర్డ్ హయాంలో 1549లో ఇంగ్లిష్ ప్రార్థన పుస్తకం వచ్చింది. 1552లో వచ్చిన రెండోది పాత ఆచారాలను మరింత కత్తిరించింది. 1559లో ఎలిజబెత్ కాలపు పుస్తకంలో మాత్రం ఒక చిన్న నియమం చేరింది: ఎడ్వర్డ్ ఏలుబడి రెండో ఏట ఉన్న వస్త్రాలు, సామగ్రి, అంటే ఆ కత్తిరింపులకు ముందున్నవి, వాడాలి. చాలామంది దాన్ని పట్టించుకోలేదు. అయినా 1662 పుస్తకంలోనూ అది మిగిలింది. తర్వాత కోర్టుల్లో లాయర్లు వాదించుకున్నది చాలావరకు ఆ వాక్యం మీదే.

1833లో ఆక్స్‌ఫర్డ్‌లో కీబుల్, న్యూమన్, ప్యూసీ మొదలుపెట్టిన ఉద్యమం ముందు సిద్ధాంతం గురించే. తమ సంఘం అపొస్తలుల నాటి సార్వత్రిక సంఘంలో భాగమని వాళ్ల వాదన. దాన్ని కంటికి కనిపించేలా చేసింది తర్వాతి తరం, అదీ పేదల పేటల్లో. లండన్ రేవుల దగ్గర చార్లెస్ లౌడర్ లాంటి గురువులు పనిచేసిన చోట 1859, 60ల్లో ఈ ఆచారాలు నచ్చని జనం ఆరాధన మధ్యలో గోల చేశారు. 1866లో కలరా వచ్చినప్పుడు అదే లౌడర్ రోగుల మధ్య నిలబడ్డాడు. ఆ పేటల్లో ఆయనకు దక్కిన గౌరవాన్ని చూడకుండా ఇదంతా డాబు అని కొట్టిపారేయడం అన్యాయం. ప్రభు భోజనపు రొట్టెలో, ద్రాక్షారసంలో ప్రభువు నిజంగా ఉన్నాడని నమ్మినవాళ్లు ఆ పీఠాన్ని మామూలు బల్లలా చూడలేరు.

1874లో పార్లమెంటు ఇలాంటి ఆచారాలు పాటించే గురువులను అదుపు చేయడానికి ఏకంగా చట్టమే తెచ్చింది. ఆ చట్టం కింద కేసు ఎదుర్కొన్న గురువు ఆర్థర్ టూత్ 1877లో జైలుకెళ్లాడు. మాంచెస్టర్ దగ్గర మైల్స్ ప్లాటింగ్ గురువు గ్రీన్‌ను 1881 నుంచి ఏడాదిన్నరకు పైగా లాంకాస్టర్ కోటలో ఉంచారు. మొత్తం ఐదుగురు గురువులు జైలు చూశారు. దాంతో జనం సానుభూతి వాళ్లవైపు తిరిగింది. 1890లో ఇలాంటి ఆచారాల మీదే లింకన్ బిషప్ ఎడ్వర్డ్ కింగ్‌పై నడిచిన కేసులో తీర్పు ఎంత సూక్ష్మంగా ఉందో చూడండి: గిన్నెలో ద్రాక్షారసానికి నీళ్లు కలపొచ్చు, కానీ ఆరాధన మొదలుకాక ముందే కలపాలి. ఆరాధన మధ్యలో కలిపితే తప్పు!

మన దగ్గరా ఈ ఆలోచనాధార ప్రభావం కనిపించింది. 1947లో ఆంగ్లికన్లు, ఇతర ప్రొటెస్టంట్లు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు, బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని పాస్టర్లను అంగీకరించడాన్ని ఇంగ్లండ్‌లోని ఆంగ్లో-కాథలిక్కులు గట్టిగా వ్యతిరేకించారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది అప్పుడు ఆ సంఘంలో చేరలేదు, తర్వాతెప్పుడో చేరారు.

ఇంగ్లండ్‌లో పూజావస్త్రాలకు చట్టబద్ధత స్పష్టంగా దక్కింది 1964లో. సరిగ్గా అప్పుడే రోములో కాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ పాత పద్ధతులను మార్చేస్తోంది. ఆంగ్లో-కాథలిక్కుల్లో కొందరు రోము బాటలోనే పీఠాన్ని ముందుకు జరిపి జనంవైపు తిరిగారు, మరికొందరు పాత క్రమాన్నే పట్టుకున్నారు. ఈనాడు ఒక్కో చర్చిలో ఒక్కో తీరు కనిపించడానికి మూలం చాలావరకు అక్కడుంది.

1992లో స్త్రీలకు గురుత్వం ఇవ్వాలన్న తీర్మానంతో ఈ వర్గమే రెండుగా చీలింది. స్వాగతించినవాళ్లు కూడా ధూపం మానలేదు. ఒప్పుకోలేనివాళ్లలో కొందరు రోములో కలిశారు, వాళ్లకోసం 2011లో ఇంగ్లండ్‌లో ప్రత్యేక ఏర్పాటు జరిగింది. 2015లో అలాంటివాళ్లకు రోము ఆమోదించిన పూజాగ్రంథంలో పాత ఆంగ్లికన్ పుస్తకపు ప్రార్థనలు కొన్ని చోటు చేసుకున్నాయి.