నత్త గుల్ల తెల్లబడితే ముందు నీటిని చూడాలి: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: క్యాన్ నీళ్లు మనుషులకు మంచివి కాబట్టి నత్తలకూ మంచివే.

వాస్తవం: హనుమకొండ, వరంగల్ ఇళ్లలో మొక్కల అక్వేరియంలు అమర్చే పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే మాట ఇదే. బోరు నీటితో బకెట్లకు, కుళాయిలకు తెల్లటి పొర కట్టడం చూసి విసిగినవారు, తొట్టిలోనైనా మంచి నీళ్లు పోద్దామని ప్లాంటు నుంచి ఆర్‌ఓ క్యాన్లు తెప్పిస్తారు. నత్త గుల్లలో అత్యధిక భాగం కాల్షియం కార్బొనేట్. వారు విసుక్కునే ఆ పొరలో ప్రధానంగా ఉండేదీ అదే. ఆర్‌ఓ యంత్రం కాల్షియంతో పాటు ఆమ్లత్వాన్ని అడ్డుకునే కార్బొనేట్లను కూడా చాలావరకు తీసేస్తుంది కనుక, అలాంటి తొట్టిలో మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ వదిలితే పీహెచ్ 7 కంటే కిందికి దిగి, కొత్త గుల్ల పెరగడం అటుంచి ఉన్న గుల్లే కరగడం మొదలవుతుంది. నేను బోరు నీటిని, ఆర్‌ఓ నీటిని సగం సగం కలిపి, చుక్కల పరీక్షతో జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం మోతాదు), కేహెచ్ (కార్బొనేట్ల మోతాదు) చూసుకున్న తరువాతే తొట్టిలో పోస్తాను.

అపోహ: కాల్షియం అందిస్తే గుల్ల మీద పడిన పాత గుంటలు పూడుకుపోతాయి.

వాస్తవం: పూడుకోవు. గుల్ల పొడవు పెరిగేది మూతి అంచు దగ్గర మాత్రమే. అక్కడి మెత్తటి చర్మపు మడత సున్నాన్ని వరుసగా పేర్చుకుంటూ పోతుంది, పలచబడిన చోట లోపలి నుంచి కొంత మందం కూడా చేర్చగలదు, కానీ పైపూత మళ్లీ వేయలేదు. నా అశ్రద్ధ వల్ల పాడైన ఒక రామ్స్‌హార్న్ నత్తకు, నీరు సరిచేసిన తరువాత అంచున నునుపైన గోధుమరంగు పట్టీ వచ్చింది. పాతదానికీ కొత్తదానికీ మధ్య గీత స్పష్టంగా కనిపించేది, నడిమి చుట్టు మాత్రం సుద్దముక్కలా తెల్లగానే ఉండిపోయింది. నడిమి చుట్టే అన్నిటికంటే పాతది కనుక, దాని మీది గోధుమరంగు ప్రొటీన్ పొర ముందుగా అరిగిపోయి, అడుగున ఉన్న సున్నం నీటికి తగులుతుంది.

అపోహ: కోడిగుడ్డు పెంకు వేస్తే చాలు.

వాస్తవం: క్షారగుణమున్న బోరు నీటిలో అది దాదాపు కరగదు. ఆమ్ల నీటిలో కరిగినా నెమ్మదిగానే. పక్షుల దుకాణాల్లో దొరికే కటిల్‌ఫిష్ ఎముక మెత్తన, నత్తలు నేరుగా గీరుకుని తినగలవు.

అపోహ: ఖాళీ గుల్ల నీటిని పాడుచేస్తుంది.

వాస్తవం: గుల్ల పాడుచేయదు, లోపల కుళ్లే మాంసం అమ్మోనియా వదులుతుంది. కదలని నత్తను తీసి వాసన చూస్తే బతికుందో లేదో వెంటనే తెలిసిపోతుంది, కాకపోతే ఆ పూట భోజనం అయ్యాక చూడడం మంచిది.