ముందద్దం మీద మంచు: కొండ దారుల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

కోరాపుట్ కొండల మీద, సెమిలిగుడలో నాది కార్ల రిపేరు షెడ్డు. సాలూరు నుంచి ఘాటీ ఎక్కి సుంకి, పొట్టంగి దాటి వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి మా మీదుగానే కోరాపుట్‌కి పోతుంది. డిసెంబరు వచ్చిందంటే దేవమాలి కొండ చూడ్డానికి విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి మనవాళ్ళు బళ్ళు కట్టుకుని వస్తారు. దాని ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. రాత్రికి అక్కడే గుడారం వేసుకుంటారు. చలి బాగా ముదిరిన రోజైతే తెల్లారి లేచేసరికి కారు ముందద్దం తెల్లగా, గరుగ్గా అయిపోయి ఉంటుంది. పల్లపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి అది కొత్త. చేతికి ఏది దొరికితే దాంతో గీకేస్తారు, ఎవరు ఏం చెబితే అది పోసేస్తారు. పొద్దెక్కాక ఆ బళ్ళే మా షెడ్డు ముందు ఆగుతాయి. మంచు దానంతటది పగలగొట్టిన అద్దాన్ని నేనెప్పుడూ చూడలేదు. మంచు వదిలించే తొందరలో మనుషులు పగలగొట్టుకున్నవే అన్నీ.

అపోహ: ఫోన్లో 4 డిగ్రీలు చూపిస్తోంది. సున్నాకి రాకుండా మంచు ఎలా గడ్డకడుతుంది?

వాస్తవం: ఫోన్లో కనబడేది గాలి వేడి. వాతావరణ శాఖ వాళ్ళు నీడలో, నేలకి మనిషి ఛాతీ ఎత్తులో పెట్టిన పెట్టెలో కొలిచే లెక్క అది. మీ కారు అద్దం అక్కడ లేదు. మబ్బు లేని రాత్రి అద్దం, టాప్, బానెట్ తమ వేడిని ఆకాశంలోకి వదిలేసుకుంటూ పోతాయి. గాలి కూడా కదలకపోతే, చుట్టూ ఉన్న గాలి కంటే అద్దం నాలుగైదు డిగ్రీలు ఎక్కువే చల్లబడొచ్చు. గాలి 4 దగ్గర ఉన్నా అద్దం సున్నా కిందికి దిగిపోవచ్చు. అప్పుడు గాలిలోని తేమ నీరు కాకుండానే నేరుగా గడ్డై అద్దాన్ని పట్టుకుంటుంది.

నమ్మకం కుదరకపోతే అలాంటి ఉదయం కారు చుట్టూ ఒక్కసారి తిరిగి చూడండి. ఆకాశం వైపు వాలి ఉన్న ముందద్దం మీద, టాప్ మీద మంచు దట్టంగా ఉంటుంది. నిటారుగా ఉన్న పక్క తలుపుల అద్దాల మీద పెద్దగా ఉండదు. గోడ పక్కన నిలిపిన బండికి గోడ వైపు అసలే ఉండదు. అందుకే ఈ జబ్బుకి మందు రాత్రే వేసుకోవాలి. పోర్టికో కిందో, రేకుల షెడ్డు కిందో, చివరికి చెట్టు కిందో బండి పెడితే తెల్లారి గీకే పనే ఉండదు. అలాంటి చోటు దొరక్కపోతే గుంటలాంటి పల్లంలో మాత్రం పెట్టకండి. చల్లగాలి బరువు, రాత్రంతా పల్లంలోకే దిగుతుంది. మా దగ్గర గట్టు మీద గడ్డి పచ్చగా ఉండి, కింద మళ్ళలో గడ్డి తెల్లబడే ఉదయాలుంటాయి. ముందద్దాన్ని తూర్పుకి తిప్పి పెట్టుకుంటే ఎండ మొదట దాని మీదే పడుతుంది. అద్దం మీద పొడి అట్టముక్క పరిచి, దాని అంచుల్ని తలుపుల్లో ఇరికిస్తే ఇంకా మంచిది. తడి గుడ్డ కప్పొద్దు, అదే గడ్డకట్టి అద్దానికి అతుక్కుపోతుంది.

అపోహ: వేణ్ణీళ్ళు పోస్తే క్షణంలో పోతుంది.

వాస్తవం: మంచు క్షణంలోనే పోతుంది. దాంతోపాటు అద్దమూ పోవచ్చు.

ముందద్దం ఒక్క పలక కాదు. రెండు గాజు పలకల మధ్య పలచని ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. గాజు గుండా వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. మరిగిన నీళ్ళు పడ్డచోట పైపొర ఒక్కసారిగా సాగబోతుంది, పక్కనున్న చల్లటి గాజు దాన్ని సాగనివ్వదు. ఈ లాగులాట గట్టి అద్దంలో అయితే చాలాసార్లు ఏమీ కాకుండానే తీరిపోతుంది. వేణ్ణీళ్ళు పోసి బయటపడ్డవాళ్ళు ‘మాకేమీ కాలేదే’ అనడం అందుకే. కానీ ఘాటీలో కంకర టిప్పర్ల వెనక నడిచిన బళ్ళలో చిన్న దెబ్బైనా లేని అద్దం అరుదు. ఆవగింజంత చిట్లు ఒక్కటుంటే చాలు, లాగులాటంతా అక్కడికే చేరుతుంది.

బొబ్బిలి నుంచి వచ్చిన ఒకాయన మా పక్కనున్న టీ కొట్టులో మరుగుతున్న నీళ్ళు చెంబుతో పట్టుకొచ్చాడు. నేను వద్దంటూ అటు వెళ్ళేలోపే, ‘వేణ్ణీళ్ళకి ఏటవుద్ది గురూ’ అంటూ పోసేశాడు. కింద ఎడమ మూల, వైపర్ పక్కన ఒక చిట్లు ఉంది. సన్నగా ‘టిక్’మంది. వెంట్రుకలాంటి గీత అక్కణ్ణుంచి బయల్దేరి, మేం చూస్తూ ఉండగానే పైకి వంకర తిరిగి అద్దం మధ్య దాకా వచ్చి ఆగింది. కాసేపటికి ఎండ తగిలాక మళ్ళీ కదిలి రెండో అంచుకి చేరింది. రెండు పొరల అద్దం కాబట్టి ముక్కలై ఒళ్ళో పడలేదు. అద్దం మాత్రం మొత్తం మార్చాల్సి వచ్చింది.

మరేం చేయాలి? మా దగ్గర పడే మంచు పలచన, గాలి దాదాపు ఎప్పుడూ సున్నాకి పైనే ఉంటుంది. కాబట్టి బోరు నుంచి అప్పుడే పట్టిన మామూలు నీళ్ళు నెమ్మదిగా పోసి, వెంటనే రబ్బరు పట్టీతోనో పొడిగుడ్డతోనో తుడిచేస్తే సరిపోతుంది. మనాలి, లేహ్, కశ్మీర్ వెళ్ళేవాళ్ళు ఈ పని చేయకండి. అక్కడ గాలే సున్నా కింద ఉంటుంది, పోసిన నీళ్ళు కూడా గడ్డకట్టి పని రెట్టింపవుతుంది. ఎక్కడైనా పనికొచ్చేది స్పిరిట్. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు వంతులు, నీళ్ళు ఒక వంతు కలిపి పిచికారీ సీసాలో పోసి ఉంచుకోండి. ఈ ఆల్కహాల్ మైనస్ 89 డిగ్రీల దాకా గడ్డకట్టదు, నీళ్ళతో కలిపాక కూడా మన దేశపు చలికి చాలినంత తట్టుకుంటుంది. అద్దం మీద కొట్టి రెండు నిమిషాలు ఆగితే మంచు మెత్తబడి జారిపోతుంది. స్పిరిట్‌కి మంట అంటుకుంటుంది, దాని దగ్గర బీడీ, చలిమంట ఉండకూడదు. జిగురుగా ఉండే శానిటైజర్ వద్దు, అద్దం మీద జిడ్డు పొర మిగులుస్తుంది.

అపోహ: వైపర్ రెండుసార్లు తిప్పితే అదే ఊడొస్తుంది.

వాస్తవం: మంచు మీద వైపర్ తిప్పడమంటే ఆకురాయి మీద రబ్బరు రుద్దడమే. రబ్బరు అంచు చిరిగిపోతుంది, తర్వాత వాన పడినప్పుడు సరిగ్గా డ్రైవర్ కళ్ళ ముందు గీతలు వదులుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. రాత్రి బ్లేడు అద్దానికి అతుక్కుపోయి ఉన్నప్పుడు స్విచ్ వేస్తే మోటారు గుంజుతుంది, చేతులు కదలవు. ఫ్యూజు పోతే అదృష్టమే, మోటారు పళ్ళు అరిగితే ఖర్చు. తాళం తిప్పేముందు వైపర్ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. రాత్రి వైపర్లు పైకి లేపి ఉంచడం మంచి అలవాటు.

గీకడం గురించి కూడా ఒక మాట. స్టీలు స్కేలు, కత్తి, నాణెం వద్దు. వాడటం మానేసిన ప్లాస్టిక్ కార్డు పర్లేదు, అదీ స్పిరిట్ కొట్టాకే. మా రోడ్ల ఎర్రదుమ్ములో ఇసుక రేణువులుంటాయి. పొడిగా గీకితే గీతలు పెట్టేది కార్డు కాదు, దాని కింద నలిగే ఆ ఇసుక. ఎదుటి బండి లైటు పడినప్పుడు ఆ గీతలన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి. వెనకద్దం లోపలి వైపు ఎర్రటి సన్నగీతలున్న బళ్ళకి అక్కడ ఏ పరికరమూ తగలనివ్వకండి. అవి వేడెక్కే తీగలు, ఒక్కటి తెగితే ఆ వరుస అంతా పనిచేయదు.

అపోహ: ఇంత చలిలో ఏసీ ఎందుకు? హీటరు, ఏసీ కలిపి వేస్తే రెండూ పాడవుతాయి.

వాస్తవం: నేను అందరికంటే ఎక్కువగా వాదించేది దీని మీదే. మన కొండల్లో డ్రైవర్ చూపుకి అడ్డం పడేది ఎక్కువసార్లు బయటి మంచు కాదు, లోపలి ఆవిరి. ముందు వేలితో లోపలివైపు ఒక గీత గీసి చూడండి. గీత పడితే ఆ తెలుపు లోపలిదే, బయట ఎన్ని నీళ్ళు పోసినా పోదు.

మనిషి ఊపిరితో రోజుకి సుమారు 300 - 400 మిల్లీలీటర్ల నీళ్ళు బయటికి వదులుతాడు. ఐదుగురు ఎక్కి, చలికి అద్దాలన్నీ బిగించి, లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కేస్తే ఆ తేమంతా వెళ్ళి చల్లటి ముందద్దానికే పడుతుంది. కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగి ఉంటుందే, ఆ బటన్. చలికాలం అది ఆఫ్‌లోనే ఉండాలి. బయటి చల్లగాలిలో ఉండే నీటి ఆవిరి తక్కువ, దాన్ని వేడి చేస్తే మంచి పొడిగాలి అవుతుంది.

ఇక ఏసీ సంగతి. గాలి ముందు ఏసీ కాయిల్ మీదుగా పోతుంది, అక్కడ దాని తేమ నీళ్ళై బండి కింద కారిపోతుంది. తర్వాత హీటరు మీదుగా పోయి వేడెక్కి అద్దానికి తగులుతుంది. రెండూ కలిసి పనిచేసేలాగే కంపెనీవాళ్ళు తయారుచేశారు. చాలా కార్లలో ముందద్దం గుర్తున్న బటన్ నొక్కగానే ఏసీ దానంతటదే ఆన్ అవుతుంది. బయట మరీ సున్నా దగ్గరుంటే కొన్ని బళ్ళలో కంప్రెసర్ తిరగదు. అప్పుడు హీటరు, బయటి గాలి చాలు. గుడ్డతో తుడిస్తే అరనిమిషం కనబడి మళ్ళీ కమ్ముకుంటుంది. పైగా చేతి జిడ్డు అంటిన చోట ఇంకా త్వరగా పడుతుంది.

ఇవన్నీ చేసినా అద్దం తేరుకోకపోతే తప్పు మరోచోట ఉంది. కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు. వైపర్ల కింద జాలీలో ఆకులు చేరి నీళ్ళు దిగక, లోపల కార్పెట్టు తడిసి ఉండొచ్చు. మ్యాటు ఎత్తి చేత్తో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. తియ్యటి వాసన వస్తూ, అద్దానికి లోపల జిడ్డులాంటి పొర పడుతూ, ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం (కూలెంట్) తగ్గుతుంటే హీటర్ కాయిల్ కారుతోందని అర్థం. దాన్ని వాయిదా వేయకండి.

ఘాటీ బళ్ళకి ఇంకో ముచ్చట ఉంది. ‘ఎక్కుడులో ఇంజన్ వేడెక్కకుండా’ అంటూ థర్మోస్టాట్ వాల్వ్ పీకేసి, కూలెంట్ బదులు కుళాయి నీళ్ళు పోసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సుమారు 80 - 90 డిగ్రీలు వచ్చేదాకా నీళ్ళని ఇంజన్‌లోనే తిప్పి త్వరగా వేడెక్కించేది ఆ వాల్వే. అది లేని బండికి పొద్దున్న పొట్టంగి దాటినా హీటరు గోరువెచ్చగానే వస్తుంది, డీజిలూ ఎక్కువ తాగుతుంది. ఉత్త నీళ్ళకి తుప్పు పట్టి హీటర్ కాయిల్ సందులు పూడిపోతాయి. ఇంజన్ వేడెక్కుతుంటే ఎందుకో వెతికి బాగుచేయించుకోవాలి, వాల్వ్ తీసేయడం వైద్యం కాదు.

అపోహ: బీడీ పొగాకో, కోసిన బంగాళాదుంపో రుద్దితే మంచు పట్టదు.

వాస్తవం: అవి వాన చుక్కల్ని కాసేపు పొరలా పరుచుకునేలా చేస్తాయేమో, మంచుని మాత్రం ఆపలేవు. ఉప్పునీళ్ళు మంచు కరిగిస్తాయి, తర్వాత రేకుని తినేస్తాయి. కిరోసిన్, డీజిల్ అయితే అద్దాన్నీ రబ్బర్లనీ రెండిటినీ పాడుచేస్తాయి.

అపోహ: అరగంట ఇంజన్ ఆన్‌లో ఉంచితే అన్నీ అవే సర్దుకుంటాయి.

వాస్తవం: నిలిపి ఉంచిన ఇంజన్, అందులోనూ డీజిల్ ఇంజన్, చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే గాలిని ముందద్దం వైపు తిప్పి పెట్టండి. ఇంజన్‌తో పాటు అద్దం కూడా కొంచెం కొంచెంగా వేడెక్కుతుంది, లాగులాట ఉండదు. ఈలోగా బయట మీరు స్పిరిట్ పని చూసుకుంటే పది నిమిషాల్లో బయల్దేరొచ్చు.

ఇది అద్దం కంటే పెద్ద విషయం కాబట్టి గట్టిగా చెబుతున్నాను. దేవమాలి మీద చలికి తట్టుకోలేక అద్దాలు మూసుకుని, ఇంజన్ ఆన్‌లో పెట్టి కార్లోనే పడుకునేవాళ్ళున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి లేచే అవకాశం ఇవ్వదు. మూసిన షెడ్డులో బండి స్టార్టు చేసి ఉంచినా, గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ప్రమాదం అదే. ఇంకో రెండు దుప్పట్లు తెచ్చుకోండి, పిల్లలతో వచ్చేవాళ్ళు గది తీసుకోండి.

అపోహ: ముందు కనబడేంత చిల్లు చాలు, మిగతాది దారిలో కరుగుతుంది.

వాస్తవం: సుంకి ఘాటీ మలుపుల్లో ఎదుటి లారీ మీకు నేరుగా కనబడదు, ముందద్దం అంచున ఉండే కారు స్తంభం పక్కనుంచి వస్తుంది. అద్దం రెండు మూలలూ, పక్క అద్దాలూ, సైడ్ మిర్రర్లూ, హెడ్‌లైట్లూ అన్నీ తుడిచాకే కదలండి. టాప్ మీద పేరుకున్న మంచునీ దులిపేయాలి, కరగడం మొదలయ్యాక బ్రేకు వేస్తే అది ముందద్దం మీదికి జారుతుంది. దారిలో పొగమంచు తగిలితే డిమ్ లైట్లే వాడండి, హైబీమ్ వేస్తే వెలుగంతా మీ కళ్ళకే తిరిగొస్తుంది. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లు వేయొద్దు. మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు, ఆగి ఉన్నారనుకుని తప్పించబోతాడు.

కొండ ఎక్కబోయేవాళ్ళు నవంబరులోనే ముందద్దాన్ని ఎండకి ఏటవాలుగా చూసి చిట్లులు వెతకండి. రూపాయి బిళ్ళ కంటే చిన్నదై, డ్రైవర్ కళ్ళ ఎదురుగా లేకపోతే రెజిన్ అనే పారదర్శక జిగురు నింపి ఆపేయొచ్చు. షాపుకి వెళ్ళేదాకా దాని మీద పారదర్శక టేపు ముక్క అంటించండి. లోపలికి దుమ్ము, నీళ్ళు వెళ్ళాక నింపితే రెజిన్ సరిగా పట్టదు.