పాత ఇత్తడి తూటా పక్క తుపాకిలో ఎందుకు దిగదు?

పన్నెండు బోరు (వేట తుపాకి గొట్టం కొలత) ఇత్తడి డొల్లను, అంటే తూటా ఖాళీ గొట్టాన్ని, పేల్చిన తుపాకిలోనే మళ్లీ పెడితే సాఫీగా దిగుతుంది. దాన్నే పక్క తుపాకిలో పెడితే మూడొంతులు వెళ్లి ఆగిపోతుంది. అమెరికాలో, బ్రెజిల్‌లో పాత డొల్లలు కొని ఇంట్లో మళ్లీ నింపుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. డొల్లను నొక్కి కొలత తగ్గించే డైలు (ఉక్కు అచ్చులు), ప్రెస్సులు దీనికోసమే వచ్చాయి. అయితే ఈ డొల్లలు చేసిన కాలంలో ఇది చిక్కే కాదు.

1860లలో అమెరికాలో డ్రేపర్ కంపెనీ బరువైన ఇత్తడి తూటాలు అమ్మేది. వాటి అడుగుభాగం మరతో ఊడి వచ్చేది. 1866లో అమెరికాలో హైరం బెర్డన్, ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సర్ తమ తమ ప్రైమర్లకు (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీలకు) పేటెంట్లు తీసుకున్నారు. మరుసటి ఏడాది కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్ కంపెనీ మొదలైంది. ఇత్తడి రేకును సాగదీసి చేసిన పలుచని డొల్లలు ఖాళీగానే అంగళ్లకు వచ్చాయి. రైతు ఒక పెట్టె కొనుక్కుని, నల్ల తుపాకిమందు, అట్టబిళ్ళలు, సీసపు గుళ్లు తానే నింపుకుని, పేల్చాక కడిగి మళ్లీ నింపుకునేవాడు. ఒక తుపాకి, ఒక పెట్టె డొల్లలు. మొదటిసారి పేలగానే డొల్ల ఆ తుపాకి ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఆకారంలోకి సాగిపోయేది. నల్లమందుతో ఒత్తిడి తక్కువ కాబట్టి తర్వాత చాలాసార్లు ఏ పనిముట్టూ లేకుండానే లోపలికి దిగేది.

తర్వాత యంత్రాలు నింపిన కాగితం తూటాలు చవకయ్యాయి. 1960లో రెమింగ్టన్ ప్లాస్టిక్ డొల్ల తెచ్చాక కాగితం కూడా వెనకపడింది. మధ్యలో ఇత్తడికి మళ్లీ గిరాకీ పుట్టించింది యుద్ధాలే. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల తడికి కాగితం తూటాలు ఉబ్బి ఛాంబర్‌లోకి వెళ్లేవి కావు. రెండో యుద్ధం నాటికి అమెరికా సైన్యం ఎం19 పేరుతో పూర్తి ఇత్తడి తూటా వాడింది. బ్రెజిల్‌లో 1926లో పెట్టిన సీబీసీ కంపెనీ ఇత్తడి డొల్లలు చేసి మాగ్‌టెక్ పేరుతో బయటి దేశాలకూ పంపింది. ఈలోగా తొలినాటి డొల్లలు సొంత తుపాకులకు దూరమై సంతల్లో, పాత సామాన్ల అంగళ్లలో చేతులు మారాయి. సమస్య పుట్టింది అక్కడే. ఇత్తడిలో లోపమేమీ లేదు. అది తన తుపాకిని గుర్తుపెట్టుకుంది, మనం వేరే తుపాకి చూపిస్తున్నాం.

ఛాంబర్ కొలతలకు అమెరికాలో పరిశ్రమ ప్రమాణాలు పెట్టే సంస్థ సామీ ఏర్పడింది 1926లో. అంతకుముందు ఎవరి కొలత వారిది. నేటి పన్నెండు బోరు ఛాంబర్ వెనక సుమారు 20.6 మి.మీ., ముందు 20.3 మి.మీ. ఉంటుంది. పాతవాటిలో ఇంతకన్నా వదులుగా తొలిచినవి ఉన్నాయి. పొడవూ అంతే: ఇంగ్లండు పాత తుపాకుల్లో రెండున్నర అంగుళాలు మామూలు, ఇప్పటివి రెండుంముప్పావు. ఇత్తడి మూతికి మడత ఉండదు కాబట్టి డొల్ల ఛాంబర్ కంటే పొడవుంటే మూతి ముందున్న ఇరుకులోకి దూరి ఒత్తిడి పెంచుతుంది. అలాంటిదాన్ని ముందు పొడవు తగ్గించాలి. అడుగు అంచు మందం ఎక్కువైతే తుపాకి మూసుకోదు, దానికి డై ఏమీ చేయలేదు.

ఇత్తడి పనికి నేటి మామూలు పనిముట్లు చాలవు. 1958లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ చేసిన, ఇంట్లో తూటా నింపుకునే లీ లోడర్, అదే రాష్ట్రపు మెక్ కంపెనీ కొలత తగ్గించే సూపర్‌సైజర్ కాగితం, ప్లాస్టిక్ తూటాలను దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. వాటిలో ఉబ్బేది అడుగున ఉన్న లోహపు కప్పే. సూపర్‌సైజర్ వేళ్లు దాన్నే నొక్కి వదిలేస్తాయి. పూర్తి ఇత్తడి డొల్ల నిలువునా ఉబ్బుతుంది. అందుకే మూతి నుంచి అడుగు దాకా పట్టే డై కావాలి. చాలామంది దాన్ని లేత్ మీద ఉక్కు కడియంగా చేయించుకుంటారు.

డై కంటే ముందు లోహం సంగతి. ఇది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. బ్రిటిష్ ఇండియాలో వర్షాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, లోహంలో మిగిలిపోయిన బిగువు కలిసి చేసే పని అదని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ వివరించారు. కాబట్టి పాత డొల్లకు అమ్మోనియా ఉన్న పాలిష్ రాయకూడదు. రెండో శత్రువు పాదరసం. పాత ప్రైమర్లలో పాదరసపు ఫల్మినేట్ ఉండేది. నల్లమందు మసి విస్తారంగా ఉన్నన్నాళ్లు అది పాదరసాన్ని చాలావరకు తనలో కలుపుకునేది. పొగలేని మందు వచ్చాక మసి తగ్గి పాదరసం ఇత్తడిలోకి ఇంకి పెళుసుబార్చింది. అలాంటి డొల్లను ఎంత మెత్తబరచినా మంచిదవదు.

ఇక పని. పేలిన డొల్లకే ప్రైమర్ తీయాలి, పేలనిదాన్ని సుత్తితో కొట్టడం చేతులు పోగొట్టుకోవడమే. బాక్సర్ రకానికి మధ్యలో రంధ్రం ఉంటుంది, సూది సరిపోతుంది. బెర్డన్ రకానికి మధ్యలో దిమ్మ, పక్కన చిన్న రంధ్రాలు ఉంటాయి. సూది పెడితే విరుగుతుంది. డొల్లలో నీళ్లు పోసి బిగువుగా పట్టే కడ్డీతో ఒక్క దెబ్బ వేస్తే ప్రైమర్ ఊడొస్తుంది. తర్వాత వేడినీళ్లు, సబ్బు, పలుచని నిమ్మఉప్పు నీళ్లలో కొద్దిసేపు, మళ్లీ మంచినీళ్లు. ఆరాక మూతి నుంచి నిలువు పగుళ్లున్నాయా, గులాబీ రంగు మచ్చలున్నాయా చూడాలి. గులాబీ అంటే జింకు పోయి రాగి మిగిలిందన్నమాట. పగిలినవి, మచ్చలున్నవి రెండూ పక్కకే.

తర్వాత మెత్తబరచడం. చాలామంది దీన్ని డై తర్వాతకు వాయిదా వేస్తారు, అది తలకిందుల క్రమం. బిరుసెక్కిన ఇత్తడి 20 మి.మీ. వ్యాసం మీద దాదాపు 0.07 మి.మీ. వెనక్కి లేస్తుంది, మెత్తనిది అందులో మూడో వంతు కూడా లేవదు. డొల్ల అడుగు నీళ్లలో మునిగేలా నిలబెట్టి, పై సగాన్ని తిప్పుతూ 370–400 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చాలి. ఆ వేడిని గుర్తించడానికి ఉష్ణోగ్రతకు కరిగే రంగు వాడతారు. చీకట్లో ఎర్రగా మెరిసిందంటే వేడి మించినట్టే. అడుగుభాగం మాత్రం ఎన్నడూ మెత్తబడకూడదు. పేలినప్పుడు ప్రైమర్‌ను పట్టి ఉంచేది దాని గట్టిదనమే.

లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) పలుచగా పూసి, మూతి ముందుగా డైలోకి ఆర్బర్ ప్రెస్‌తో (చేత్తో నిలువుగా నొక్కే యంత్రం) నిటారుగా దింపాలి. వైస్‌తో వంకరగా నొక్కితే మూతి ముడతపడుతుంది. జిడ్డు ఎక్కువైతే డైలో ఇరుక్కుని డొల్లకు సొట్టలు పడతాయి, తక్కువైతే డొల్లే డైలో ఇరుక్కుంటుంది. అప్పుడు అంచు పట్టి లాగితే అంచు వంగుతుంది, లోపలి నుంచి కడ్డీతో తోయాలి. వదులు ఛాంబర్ ఉన్న తుపాకి నుంచి వచ్చిన డొల్లను రెండు కడియాలతో రెండు విడతలుగా తగ్గించడం మేలు. ఛాంబర్ కంటే 0.05 నుంచి 0.1 మి.మీ. తక్కువుంటే చాలు. ఇంకా తగ్గిస్తే పేలిన ప్రతిసారీ అంత ఎక్కువగా సాగి, ఇంకా కొన్ని వాడకాలు రావలసిన డొల్ల ముందే చీలుతుంది. కొలత వెర్నియర్‌తో చూసినా, చివరి తీర్పు తుపాకిదే: డొల్ల తన బరువుతోనే దిగాలి.

లోపలి కొలత కూడా లెక్కే. గోడ పలుచన కాబట్టి ఇత్తడి పన్నెండులో పన్నెండు బోరు బిళ్ళ వదులవుతుంది. అంతకన్నా కాస్త పెద్దవైన 11 లేదా 10 బోరు బిళ్ళలు పట్టి, పైబిళ్ళ అంచున జిగురు పూస్తారు. కొలత తగ్గించాక అదే బిళ్ళ బిగుస్తుంది, మూతి సాగదీసి దింపవలసి రావచ్చు. ఇంకో మాట. తొలినాటి డొల్లల్లో కొన్నిటి అడుగు గట్టి ముద్ద కాదు, రేకును మడిచి చేసింది. కోసి చూస్తే బోలుగా కనబడుతుంది. ఎంత చక్కగా కొలతకు తెచ్చినా వాటిలో పొగలేని మందు పోయకూడదు.

మన దేశంలో ఈ కథ తిరగేసి నడిచింది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఆయుధ ఫ్యాక్టరీ .303 (గొట్టం కొలత, అంగుళాల్లో) రైఫిళ్లను మార్చి .410 మస్కెట్లుగా చేసి పోలీసులకు, జైలు కాపలాకు ఇచ్చింది. వాటి తూటా మెడ నొక్కని .303 డొల్లే. మామూలు .410 తూటా అడుగు సుమారు 12.1 మి.మీ., .303ది 11.7. అందుకే వేట తూటా మార్చని మస్కెట్‌లోకి వెళ్లదు. బయటి దేశాల్లో మళ్లీ నింపుకునేవాళ్లు .303 డొల్లను మామూలు .410 తుపాకిలో పేల్చి, ఉబ్బనిచ్చి, ఆ తుపాకికే కేటాయిస్తారు. డై పని అక్కర్లేదు. ఇండియాలో మాత్రం 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు ఉండాలి. తుపాకి లైసెన్సు దానికి సరిపోదు, కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఆ లైసెన్సు లేకుండా ఇంట్లో తూటా నింపడం నేరం. తాతల పెట్టెలో నిండు తూటా కనబడితే విప్పకుండా పోలీస్ స్టేషన్‌కు చెప్పాలి.