లో వోల్టేజీ, హై వోల్టేజీ: ఇళ్లల్లో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం వచ్చిందంటే మా ఎలక్ట్రీషియన్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఫ్రిజ్ ఆగిపోయింది, బోరు మోటారు కాలిపోయింది, బల్బులు మాడిపోయాయి. ఏ ఇంటికెళ్లినా కారణం వాళ్లే చెప్పేస్తారు: "వోల్టేజీ అండీ". నిజమే కావచ్చు. కానీ లోపం వీధి లైన్లోనా, సర్వీసు వైర్లోనా, ఇంటి బోర్డులోనా అన్నది చూడకుండానే చాలామంది స్టెబిలైజరు కొనేస్తారు.

అపోహ: కరెంటాఫీసు వాళ్లు హై వోల్టేజీ వదిలారు, అందుకే టీవీ పోయింది.

వాస్తవం: ఒక్క వీధిలో అకస్మాత్తుగా హై వోల్టేజీ వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది న్యూట్రల్‌ని. లైన్లో కరెంటు తెచ్చే మూడు ఫేజు వైర్లు, అది తిరిగి వెళ్లే ఒక న్యూట్రల్ వైరు ఉంటాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 400. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తెగితే, లేదా జాయింటు వదులై నల్లబడితే, ఆ 400ని రెండు ఫేజుల మీదున్న ఇళ్లు పంచుకోవాల్సి వస్తుంది. ఆ పంపకం సమానంగా ఉండదు. ఏసీలు, గీజర్లు నడుస్తున్న ఫేజు మీద 120 వస్తే, లోడు లేని ఫేజు మీద 280 వచ్చేస్తుంది, ఒక్కోసారి 300 కూడా దాటుతుంది. పోయేది ఈ రెండో ఫేజు మీదున్న సెట్‌టాప్ బాక్సులు, టీవీలు, ఎల్ఈడీ బల్బులే.

త్రీఫేజు సర్వీసున్న ఇంట్లో దీన్ని కంటితోనే పట్టొచ్చు. గీజరు స్విచ్ వేయగానే ఆ గదిలో లైటు మసకబారి, పక్క గదిలో లైటు ఇంకా ప్రకాశంగా వెలిగిందంటే న్యూట్రల్ వదులైనట్టే. ఇంకేమీ ఆలోచించకుండా మెయిన్ ఆపేసి కరెంటాఫీసు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. న్యూట్రల్ రావట్లేదని ఎర్తు రాడ్డు నుంచి వైరు లాగే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఆ ఎర్తు వదులైన రోజున వాషింగ్ మెషీన్ బాడీకే షాకు వస్తుంది.

అపోహ: బోర్డులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే ఆగిపోయే స్విచ్) ఉంది, హై వోల్టేజీ వస్తే అదే పడిపోతుంది.

వాస్తవం: పడదు. ఎంసీబీ చూసేది ఎంత కరెంటు లాగుతున్నామన్నదే, ఎన్ని వోల్టులు వస్తున్నాయన్నది దానికి తెలియదు. వోల్టేజీ హద్దు దాటితే కట్ చేసే ప్రొటెక్టర్లు విడిగా దొరుకుతాయి, మీటరు తర్వాత బోర్డులో పెట్టించుకోవాలి. నన్నడిగితే ఇంటికో పెద్ద స్టెబిలైజరు కన్నా ఇదే ముందు.

అపోహ: టెస్టర్ వెలిగింది, కరెంటు బాగానే వస్తోంది.

వాస్తవం: టెస్టర్ 230కీ వెలుగుతుంది, 130కీ వెలుగుతుంది. వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటరు కొని, పగలోసారి, రాత్రి ఎనిమిదింటికోసారి చూడండి. నిబంధనల ప్రకారం కరెంటు మీటరు దగ్గర 230కి అటూ ఇటూ 6 శాతంలోపు, అంటే సుమారు 216 నుంచి 244 మధ్య ఉండాలి. తర్వాత 2000 వాట్ల గీజరు వేసి మళ్లీ కొలవండి. మీటరు దగ్గర పెద్దగా తగ్గకుండా ప్లగ్గు దగ్గర 15 వోల్టులు పడిపోతే, లైన్‌మన్‌ని తిట్టి లాభం లేదు, తప్పు ఇంటి వైరింగుదే. ఆ 15 వోల్టులూ ఎక్కడికీ పోలేదు. 8 ఆంపియర్ల మీద లెక్కేస్తే 120 వాట్ల వేడి, సన్నటి వైర్లోనో వదులైన స్క్రూ దగ్గరో. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చేది అలాంటి చోటే.

అపోహ: లో వోల్టేజీకి ఇంట్లో వస్తువులన్నీ పాడవుతాయి.

వాస్తవం: గీజరుకు ఏమీ కాదు, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. ఫోన్ ఛార్జర్లు, ఇప్పటి టీవీలు చాలావరకు 100 వోల్టుల నుంచే పనిచేస్తాయి, వెనకాల చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. అసలు కష్టమంతా మామూలు మోటార్లకి, కంప్రెసర్లకి. వోల్టేజీ 180కి పడిపోతే మోటారు స్టార్టింగ్ బలం 61 శాతానికి దిగిపోతుంది, ఎందుకంటే ఆ బలం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. తిరగలేక ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ వేడెక్కుతుంది. పాత ఫ్రిజ్ వెనక "టక్" మని శబ్దం, చిన్న మూలుగు, మళ్లీ "టక్" వినిపిస్తుంటే కంప్రెసర్ స్టార్టవలేక దాని ఓవర్‌లోడ్ స్విచ్ కట్ చేస్తోందన్నమాట. అప్పుడు వెంటనే ప్లగ్గు తీసేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా మూడు నిమిషాలు ఆగి వేయాలి, లోపలి గ్యాసు ఒత్తిడి సర్దుకోవాలి కదా.

అపోహ: స్టెబిలైజరు పెడితే కరెంటు బిల్లు తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు, అది కూడా కొంత తింటుంది. పైగా 160ని 220 చేసి 10 ఆంపియర్లు ఇవ్వాలంటే లైను నుంచి దాదాపు 14 ఆంపియర్లు లాగాలి. వీధిలో పది ఇళ్లు ఇదే పని చేస్తే ఉన్న వోల్టేజీ కూడా ఇంకా పడిపోతుంది. ఆ సమస్య తీరాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ పెంచాలి, లేదా లోడును మూడు ఫేజులకీ సమంగా సర్దాలి. పదిమందీ కలిసి రాసిస్తే ఆ పని త్వరగా కదులుతుంది.

అపోహ: ఉరుముతుంటే స్విచ్ ఆపితే చాలు.

వాస్తవం: పిడుగు పోటుకు స్విచ్‌లోని ఆ కాస్త సందు అడ్డే కాదు, స్టెబిలైజరు లోపల దానంతటదే పడే స్విచ్ (రిలే) కూడా అంత వేగంగా కదలదు. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే ప్లగ్గు పీకాలి. దాంతోపాటు డిష్ కేబులు, ఇంటర్నెట్ రౌటరు వైరు కూడా.