గౌను తిరగేసి చూడండి

నరసాపురం

చిరంజీవులు హారికకు, నిఖిల్‌కు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీరు పంపిన ఫొటోలో, లండన్ మ్యూజియంలో అద్దాల బీరువాలో నిలబెట్టిన, గంపలా ఉబ్బిన విక్టోరియా రాణి కాలపు గౌను చూశాను. "ఆ గంపతో ఎలా కూర్చునేవారు?" అని హారిక అడిగింది. "బాత్రూముకు ఎలా వెళ్ళేవారు?" అని నిఖిల్ అడిగితే మీ అమ్మ కసిరిందట. కసరాల్సినంత తప్పు ప్రశ్నేమీ కాదది. అప్పటి లోపలి లాగులకు రెండు కాళ్ళనూ విడివిడిగా కుట్టి నడుము పట్టీకి కలిపేవారు. మధ్యలో కుట్టు ఉండదు కాబట్టి ఏదీ విప్పనక్కర లేదు. ఇక నవ్వడం ఆపి మిగతాది చదవండి.

నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కినదాన్ని కదా, ఏ బట్ట చూసినా తిరగేసి లోపలి కుట్టు చూడాలనిపిస్తుంది నాకు. విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఏలింది. అన్నేళ్ళలో గౌను తీరు ఎన్నోసార్లు మారింది. మీరు చూసింది 1860 ప్రాంతానిది. అంతకుముందు గౌను గుండ్రంగా నిలబడాలంటే గంజి పెట్టిన లోపలి పావడాలు నాలుగైదు, గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన గట్టి పావడా ఒకటి, ఒకదాని మీద ఒకటి తొడిగేవారు. ఎండాకాలం పెళ్ళిలో ఒక్క పట్టుచీరకే మనం ఎంత సణుగుతామో తలచుకోండి! 1856లో ఉక్కు చట్రం వచ్చింది. పలచని ఉక్కు బద్దలను గుండ్రంగా వంచి, పైన చిన్నవి, కింద పెద్దవి, నాడాలతో వేలాడదీసేవారు. అచ్చం మన కోళ్ళ గంపే. బద్దల మధ్య ఉన్నది గుడ్డ నాడాలే కనుక కూర్చున్నప్పుడు అవి ఒకదాని మీదికి ఒకటి ముడుచుకునేవి. వెనుక భాగాన్ని కాస్త సర్దుకుని కూర్చోవాలి, అజాగ్రత్తగా కూలబడితే ముందు భాగం గొడుగులా పైకి లేస్తుంది.

ఇంగ్లీషువాళ్ళు ఈ ఉక్కు చట్రాన్ని పంజరం అనే పిలిచారు. పాపం ఆడవాళ్ళని బంధించారు అని మనం జాలిపడతాం. కానీ తొడిగినవాళ్ళలో చాలామందికి అది హాయిగానే ఉంది, పావడాల బరువు పోయి కాళ్ళు ఆడాయి. మిల్లుల్లో పనిచేసే అమ్మాయిలూ తొడుక్కుని వచ్చేవారు. యంత్రాలకు తగులుతాయని 1860లో కోర్టాల్డ్ బట్టల మిల్లువాళ్ళు చట్రాలు ఇంట్లో వదిలి రమ్మని కూలీలకు చెప్పాల్సి వచ్చింది. అసలు భయం నిప్పుతోనే. ప్రతి గదిలో మంట వెలిగే పొయ్యి, చుట్టూ బారల కొద్దీ పలచని గుడ్డ. వెనుక అంచు ఎక్కడ తగులుతోందో తొడిగిన మనిషికి తెలియదు. అలా కాలిపోయినవాళ్ళు ఎందరో.

ఈసారి వెళ్ళినప్పుడు అలాంటి గౌను అడుగు అంచు దగ్గర వంగి చూడండి. లోపలి వైపు ముతక పట్టీ ఒకటి కనిపించవచ్చు. నేల మీద ఈడ్చినప్పుడు గౌను అరిగిపోకుండా అది అరుగుతుంది. అరిగాక ఊడదీసి కొత్తది కుట్టేవారు. మన చీరకు కుట్టే ఫాల్ కూడా చేసేది ఆ పనే కదా! ఒకే పావడా భాగానికి పగటికి ఒక రవిక, సాయంత్రానికి ఒక రవిక కుట్టించుకోవడమూ ఉండేది. పట్టు గౌనును నీళ్ళలో ముంచేవారు కాదు, మరక పడినచోట మాత్రమే తుడిచేవారు. పాతబడితే కుట్లన్నీ విప్పి, గుడ్డ తిరగేసి, కూతురికి మళ్ళీ కుట్టేవారు. ఉతుకులన్నీ లోపలి తెల్లబట్టలకే. చాలా ఇళ్ళలో అది సోమవారం పని. నీళ్ళు మోయడం, రాగి కాగులో ఉడకబెట్టడం, నీలిమందు, గంజి, పొయ్యి మీద కాగబెట్టిన ఇనుప పెట్టెతో ఇస్త్రీ. మెడకు తెల్లని కాలరు కట్టిన దొరసాని ఫొటో చూస్తే నాకు కనిపించేది ఆ పనిమనిషి చేతులు.

ఇంకొక సంగతి హారికకు. 1881లో కొందరు ఆడవాళ్ళు లండన్‌లో సంఘం పెట్టి, లోపలి బట్టల బరువు 7 పౌండ్లకు మించకూడదన్నారు. అంటే మూడు కిలోల పైమాట! తగ్గించమని అడిగితేనే అంత. పెళ్ళైన ఆడది కూలి చేసి తెచ్చుకున్న డబ్బు ఆమెదే అని చట్టం ఒప్పుకున్నది 1870లో, మిగతా ఆస్తి మీద పూర్తి హక్కు వచ్చింది 1882లో. అప్పటిదాకా ఆ గౌను కూడా చట్టం లెక్కన మొగుడిదే.

మన ఇంటి మాట ఒకటి మిగిలింది. అక్కడి మగవాళ్ళు తలకు మకాసర్ నూనె పట్టించేవారు. ఆ జిడ్డు కుర్చీ వీపుకు అంటకుండా ఇల్లాళ్ళు అల్లిక గుడ్డలు కప్పారు. వాటి పేరే యాంటీ మకాసర్. మన ఇంట్లో రేడియో మీద, తర్వాత టీవీ మీద పరిచిన లేసు గుడ్డలు వాటికి దూరపు చుట్టాలే. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు గోదావరి జిల్లా ఆడవాళ్ళకు లేసు నేర్పారని మా ఊళ్ళో చెబుతారు. మా అమ్మ మధ్యాహ్నం వంట ముగించి, అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా అల్లేది. డజనుకు ఇంత అని కూలి ఇచ్చి తీసుకుపోయేవారు. ఓడ ఎక్కి పోతాయని మాత్రం తెలుసు, ఎవరి బల్ల మీద పరుస్తారో ఏనాడూ తెలియలేదు.

ఉత్తరంతో ఒక లేసు ముక్క పంపుతున్నాను. చల్లని నీళ్ళలో ఉతికి, పలచగా గంజి పెట్టి, తువ్వాలు మీద పరిచి, అంచుల్ని గుండుసూదులతో లాగి ఆరబెట్టండి. ఇస్త్రీ పెట్టవద్దు, పూలు అణిగిపోతాయి. ఒక మూల పువ్వుకు ఆరు రేకులకు బదులు ఐదే ఉంటాయి. అది ఏడేళ్ళప్పుడు నేను వేసింది. అమ్మ చూసింది కానీ విప్పలేదు.

మీ అమ్మమ్మ