పాత పేపరు, పాత చీర, ఒక పెన్సిలు: మా పర్లాకిమిడి క్లాసులో నేను వినే అపోహలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి ముందు గదిలో 14 ఏళ్ళుగా ఆదివారం క్లాసు చెప్తున్నాను. కాగితం, బొమ్మ, బట్ట, మూడూ కలిపి. వచ్చేవాళ్ళలో సగం తెలుగువాళ్ళు, సగం ఒడియావాళ్ళు. ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి ఆటోలో వచ్చేవాళ్ళూ ఉన్నారు. మధ్యలో రాష్ట్రం మారుతుంది కానీ మొదటి రోజు అందరూ అనే మాటలు మాత్రం మారవు. విని విని నాకు కంఠతా వచ్చేశాయి. వాటికి ఒక్కొక్కరికీ విడిగా చెప్పే జవాబుల్నే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "నాకు బొమ్మలు రావండీ. చేతిలో కళ ఉండాలి."

వాస్తవం: ఒకావిడ మనవరాలిని దింపడానికి వచ్చేవారు. "నాకు గీత రాదమ్మా, పిల్లకి నేర్పండి చాలు" అనేవారు. సంక్రాంతికి ఆవిడ వాకిట్లో ముగ్గు నేను చూశాను. 15 చుక్కలు, సరి చుక్క, మెలికల ముగ్గు. ఎక్కడా గీత చెరగలేదు, చుక్క తప్పలేదు. అదే ముగ్గు కాగితం మీద వేయమని పెన్సిలు ఇస్తే చెయ్యి బిగుసుకుపోయింది. పెన్సిలు పట్టుకోగానే 'బొమ్మ వేయాలి' అన్న టెన్షన్ మొదలైంది. అప్పుడు నేల మీద నల్ల చార్టు పరిచి, గిన్నెలో బియ్యప్పిండి పెట్టాను. ఆవిడ గొంతుకూర్చుని 5 నిమిషాల్లో పూర్తి చేశారు. తర్వాతి ఆదివారం అదే ముగ్గుని ముదురు నీలం చీర ముక్క మీద చుక్కలు పెట్టి, తెల్ల దారంతో గొలుసు కుట్టు వేయించాను. వంపు దగ్గర కుట్టు చిన్నదిగా, తిన్నగా వెళ్ళేచోట పొడుగ్గా వేశారు. అది నేను చెప్పలేదు. వేళ్ళ మధ్య నుంచి పిండి వదిలేటప్పుడు వంపు దగ్గర చెయ్యి నెమ్మదిస్తుంది కదా, ఆ అలవాటే సూదిలోకి వచ్చింది.

గీత రాదనుకునేవాళ్ళ కోసం నేను చేయించే పని ఒకటుంది. ఒక దొండ ఆకు తీసుకుని, కాగితం వైపు అస్సలు చూడకుండా, ఆకు అంచు వెంబడి కన్ను ఎంత నెమ్మదిగా పోతే పెన్సిలూ అంతే నెమ్మదిగా పోవాలి. 5 నిమిషాలకి ముందు ఎత్తకూడదు. వచ్చే బొమ్మ వంకర టింకరగా ఉంటుంది, చివర మొదలు కలవదు. కానీ అందులో ఆ ఆకుకి ఉన్న చిరుగు, పురుగు తిన్న కన్నం అన్నీ ఉంటాయి. కాగితం చూస్తూ వేస్తే, బడిలో ఎప్పుడో నేర్చుకున్న 'ఆకు గుర్తు' వేసేస్తాం. ఎదురుగా ఉన్న ఆకుని చూడం.

అపోహ: "ముందు మంచి మెటీరియల్ కొనాలి."

వాస్తవం: ఖరీదైన కాగితం ముందు పెడితే పిల్లలు భయపడతారు, ఇది నేను చాలాసార్లు చూశాను. మందపాటి వాటర్‌కలర్ షీటు ఇస్తే మూల నుంచి ఒక చిన్న పువ్వు మొదలుపెట్టి ఆగిపోతారు. పాత న్యూస్ పేపరు పది షీట్లు ఇస్తే పదీ నింపేస్తారు. డబ్బు పెట్టాల్సింది రెండు కత్తెర్ల మీద. ఒకటి కాగితానికి, ఒకటి బట్టకి. కాగితంలో నునుపు కోసం సుద్ద, బంకమన్ను లాంటి పొడులు కలుపుతారు, వాటికి కత్తెర పదును పోతుంది. తర్వాత అదే కత్తెర బట్టని కోయదు, నములుతుంది. బట్ట కత్తెరకి ఎర్ర రిబ్బను కట్టి ఇంట్లో అందరికీ చెప్పేయండి.

అపోహ: "కాగితానికి అడ్డం, నిలువు ఏముంది? ఎటు కోసినా ఒకటే."

వాస్తవం: నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టేది దీని మీదే. ఇది తెలిస్తే కాగితం పని సగం వచ్చేసినట్టే.

ఇప్పుడే ఒక న్యూస్ పేపరు తీసుకుని పైనుంచి కిందకి చించండి. చిరుగు దాదాపు స్కేలు పెట్టినట్టు దిగుతుంది. అదే పేపరు అడ్డంగా చించండి. ఇటు కొంత, అటు కొంత పోయి రంపం పళ్ళలా వస్తుంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జు నీళ్ళతో కలిసి ఒక జల్లెడ మీద వేగంగా ముందుకి పోతుంది. నార పోగుల్లో ఎక్కువ భాగం ఆ పోయే దిక్కుకే తిరిగి పడుకుంటాయి. పోగుల వెంట చిరగడం తేలిక, పోగుల్ని తెంపుకుంటూ చిరగడం కష్టం. చేత్తో తీసిన కాగితంలో పోగులు అన్ని వైపులా ఉంటాయి కాబట్టి ఈ తేడా పెద్దగా తెలియదు.

ఇంకో పరీక్ష. అరచేతిలో పట్టే కాగితం ముక్కకి ఒకవైపే తడి గుడ్డ రాయండి. చూస్తుండగానే గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడుగు ఏ వైపు ఉందో, పోగులు ఆ వైపు ఉన్నట్టు. తడి తగిలితే పోగు లావెక్కుతుంది కానీ పొడుగు అంతగా పెరగదు. అందుకే కాగితం ఒకే దిక్కుకి సాగుతుంది.

ఇది తెలియని రోజుల్లో నేను 20 నోటుపుస్తకాలకి అట్టలు వేశాను. వృథా కాకూడదని అట్టముక్కలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా కోశాను. వానాకాలం రాగానే అడ్డంగా కోసినవన్నీ పడవల్లా వంగిపోయాయి, మడత దగ్గర అట్ట పగిలింది. పుస్తకం వీపు ఎటు ఉంటే పోగు అటే ఉండాలని ఆ ఏడాది తెలిసింది.

బట్టలో ఇదే సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చీర పొడుగంతా పోయే దారాలు పడుగు, అడ్డంగా పోయేవి పేక. పాత నూలు చీర ముక్కని పడుగు వైపు లాగితే సాగదు. పేక వైపు కొంచెం సాగుతుంది. మూలగా లాగితే, అంటే టైలర్లు క్రాస్ అంటారే, అటు లాగితే బాగా సాగుతుంది. బట్టతో పువ్వు చేసేటప్పుడు రేకులు క్రాస్‌లో కోస్తే చక్కగా వంగుతాయి, అంచు పోగులు కూడా తక్కువ ఊడతాయి. మా పిల్లలు ఒకే కొలత రేకులు నిలువు కోతలో ఐదు, క్రాస్‌లో ఐదు చేసి పక్కపక్కన పెట్టుకున్నారు. ఇక ఎవరికీ మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

అపోహ: "ఆడుకోవడం అంటే ఎలా పడితే అలా చేయడమే కదా."

"ఏటి మేడమ్, పాత పేపర్లతో ఆడుకోడానికా ఫీజు?" అని ఒక తండ్రి అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

వాస్తవం: మా ఆటకి ఒకే నియమం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కాగితం మారిస్తే జిగురు మార్చకూడదు. దారం మారిస్తే కుట్టు మార్చకూడదు. అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగా వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు, చెడినా తెలియదు. ప్రతి ముక్కనీ, చెడిన ముక్కని కూడా, ఒక పాత నోటుపుస్తకంలో అంటించి పక్కన ఏం చేశారో రాయాలి. నాలుగేళ్ళుగా వస్తున్న ఒక అమ్మాయి పుస్తకం ఇప్పుడు చేతికి బరువుగా ఉంటుంది. అందులో ఒక పేజీ నిండా ఒకే కాడ కుట్టు ఉంది. ఒక పోగుతో, రెండు పోగులతో, అలా ఆరు వరకు. ఏ గీతకి ఎన్ని పోగులు కావాలో ఇప్పుడు నన్ను అడగదు, ఆ పేజీ తీస్తుంది.

అపోహ: "సహజ రంగులంటే పసుపు, బీట్‌రూట్ నీళ్ళలో ముంచడమే. అవి ఎప్పటికీ పోవు."

వాస్తవం: బీట్‌రూట్ ఒక్క ఉతుకుతో పోతుంది. మందార రంగూ నిలవదు. పసుపు నూలు బట్టకి వెంటనే పడుతుంది, కానీ ఎండకి నిలవదు. పసుపు అద్దిన గుడ్డ పట్టీని సగం అట్టతో కప్పి, పది రోజులు ఎండ పడే కిటికీలో పెట్టి చూడండి. కప్పిన సగానికీ కప్పని సగానికీ మధ్య గీత గీసినట్టు తేడా ఉంటుంది. పసుపుతో ఇంకో ఆట కూడా ఉంది. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. కూర మరకకి సబ్బు రాసినప్పుడు ఎర్రగా అయ్యేది ఇదే. పసుపూ సున్నం కలిపి పారాణి చేసుకునేదీ ఇదే గుణంతో. ఎర్రబడిన చోట చింతపండు నీళ్ళు వేస్తే మళ్ళీ పచ్చగా అవుతుంది. పిల్లలు దీంతో గంటలు గంటలు గడుపుతారు. ఆడుకోనివ్వండి, కానీ దాన్ని నిలిచే రంగు అని మాత్రం చెప్పకండి.

నూలుకి రంగు నిలవాలంటే ముందు బట్టని సబ్బు నీళ్ళలో ఉడికించి గంజి, మైనం వదిలించాలి. కొత్త బట్టకి రంగు సరిగ్గా పట్టకపోవడానికి చాలాసార్లు కారణం అదే. తర్వాత కరక్కాయ నీళ్ళలో, ఆ తర్వాత పటిక నీళ్ళలో నానబెట్టాలి. 100 గ్రాముల బట్టకి 15 గ్రాముల పటిక చాలు. వీటికి గిన్నెలు వేరే పెట్టుకోండి, వంట గిన్నెలు వద్దు. పట్టుకి ఇంత తంతు అక్కర్లేదు, రంగుని తొందరగా తీసుకుంటుంది.

మా క్లాసులో నాలుగు గిన్నెల ఆట ఆడతాం. అన్నిట్లోనూ ఒకటే ఉల్లిపొట్టు కషాయం. మొదటి గుడ్డకి ఏమీ పెట్టం. రెండోదానికి పటిక. మూడోదానికి కరక్కాయ, పటిక. నాలుగోదానికి కరక్కాయ, ఆ పైన బెల్లం నీళ్ళలో తుప్పు మేకులు మూడు వారాలు నానబెట్టిన నీళ్ళు. మొదటిది వెలిసిన రంగు, రెండోది పసుపు, మూడోది ముదురు పసుపు, నాలుగోది నలుపు దగ్గరికి వస్తుంది. ఈ బెల్లం, ఇనుము నీళ్ళతోనే శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతలు గీస్తారు. కరక్కాయ పెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు పుల్లతో ఆ నీళ్ళు పెట్టి గీస్తే, గీత చూస్తుండగానే నల్లబడుతుంది. ఎంతమందికి ఎన్నిసార్లు చూపించినా, అది నల్లబడే క్షణంలో గదిలో ఎవరూ మాట్లాడరు. నాతో సహా.

కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో ఆల్ చెట్టు వేరుతో నూలుకి వేసే ఎరుపు చూసినవాళ్ళకి, నిలిచే రంగు అంటే ఏమిటో తెలుస్తుంది. దారాన్ని ఆముదంతో, పేడతో, బూడిద నీళ్ళతో రోజుల తరబడి సిద్ధం చేస్తారు. ముంచి తీస్తే వచ్చేది కాదు.

అపోహ: "సవర బొమ్మలు పుల్లల్లాంటి మనుషుల బొమ్మలే కదా, ఎవరైనా గోడకి వేసేసుకోవచ్చు."

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. మా గజపతి జిల్లాలో, పక్కన రాయగడలో సవర గిరిజనుల ఇళ్ళ గోడల మీద వేసే బొమ్మని ఇడితాల్ అంటారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేస్తారు. అది అలంకారం కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పంట చేతికొచ్చినా, చనిపోయిన పెద్దల్ని తలుచుకోవాలన్నా వేస్తారు. దేవతకీ, పెద్దలకీ గోడ మీద ఇల్లు కట్టి పిలిచినట్టు. వార్లీ బొమ్మలతో కలిపేసేవాళ్ళూ ఉన్నారు. వార్లీ మహారాష్ట్రది, రెండు త్రికోణాలు మొనల దగ్గర కలిసి మనిషి ఒళ్ళవుతుంది. సవర బొమ్మలో ఒళ్ళు అంత కోసుగా ఉండదు, పొడుగ్గా ఉంటుంది. ముందు చుట్టూ అంచు వేసి, లోపలికి నింపుకుంటూ వస్తారు.

మా ఊళ్ళో ఉంటూనే గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన ముందు వాళ్ళ మాట విన్నారు. బొమ్మ విషయంలో కూడా ముందు అది ఎందుకు వేస్తారో అడగడం న్యాయం. మా పిల్లలతో నేను ఇడితాల్ కాపీ చేయించను. 'అంచు ముందు, లోపల తర్వాత' అన్న పద్ధతి మాత్రం తీసుకుంటాం, ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పి. అంచు లోపల పిల్లలు వాళ్ళ ఇంట్లో ఆ వారం జరిగింది వేస్తారు. కరెంటు పోయిన రాత్రి, గునుపూర్ రైలు, మామ్మ కళ్ళజోడు.

అపోహ: "ఇది చిన్నపిల్లలకి, ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళకి."

వాస్తవం: మా క్లాసుకి ఒక ఎలక్ట్రీషియనూ, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళూ వస్తారు. మన పక్కనున్న నియమగిరిలో డోంగ్రియా కోంధు గిరిజనులు కుట్టే కప్డగండ శాలువాకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఇవి కాలక్షేపం పనులా? ఒక బడిలో ప్రదర్శనకి 40 మంది పిల్లలతో 40 ఒకేలాంటి పువ్వులు చేయించమని నన్ను అడిగారు. తేడా ఉన్నవి పక్కన పెట్టేశారు. పక్కన పెట్టినవాటిలో ఒకటి, రేకులు క్రాస్‌లో కోసి తిప్పినది, ఆ గది మొత్తంలో బాగా ఆలోచించి చేసిన పువ్వు. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అపోహ: "కాగితానికి కాగితం పని, బట్టకి బట్ట పని. రెండూ కలపకూడదు."

వాస్తవం: మన ఒడిశా పట్టచిత్రం వేసేది బట్ట మీదే. నూలు గుడ్డల్ని చింతపిక్కల జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, సుద్దపొడి కలిపిన జిగురు పూసి, ఆరాక రాయితో రుద్దితే, కాగితంలా బొమ్మ వేసుకునే పలక తయారవుతుంది. గుండ్రటి గంజపా పేకముక్కలూ ఇలాంటివే. మేం పైన పాత చీర ముక్క, కింద న్యూస్ పేపరు పెట్టి చేస్తాం. వంగుతుంది, మడత పడదు, సూది దిగుతుంది, పెన్సిలు గీత నిలుస్తుంది.

జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. చింతపిక్కలు కొంచెం వేయించి పై పెంకు తీసేసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి సన్నమంట మీద గరిటెకి అంటేదాకా ఉడికించాలి. పల్చగా, సమంగా రాయండి. మందంగా రాస్తే గట్టిగా అంటుకోదు, తడి ఎక్కువై కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. పురుగు పట్టకుండా పాతవాళ్ళు మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. కొంచెం కొంచెంగా ఉడికించుకోండి, మన ఎండలకి రెండో రోజే వాసన వస్తుంది.